బిళ్ళ అంచున పేరు

యుద్ధానికి వెళ్ళొచ్చిన మగవాళ్ళు బతికున్నన్నాళ్ళూ కబుర్లు చెబుతారు. వాళ్ళు పోయాక ఆ కబుర్లకు సాక్ష్యం ఎవరిస్తారు? మా అత్తగారి తాతగారి సంగతి అలాగే అయింది.

మొదటి ప్రపంచయుద్ధంలో ఆయన నిజాం ప్రభువు గుర్రపు దళంతో ఈజిప్టు వెళ్ళాడట. "ఈజిప్టూ లేదు, గీజిప్టూ లేదు. బొంబాయిలో నాటకాల కంపెనీ వెంట తిరిగొచ్చాడు" అని చుట్టాలు పెళ్ళిళ్ళలో నవ్వేవారట. ఎనభై నాలుగేళ్ళొచ్చినా ఆ నవ్వు ఆవిడ మరిచిపోలేదు.

రామంతాపూర్‌లో మా ఇంటి ట్రంకుపెట్టె అడుగున ఆయనది ఒక కంచు పతకం ఉంది. దానిమీద రెక్కల దేవత బొమ్మ. జతగా వెండి పతకం కూడా వచ్చిందట గానీ, అది ఏనాడో కంసాలి కుంపట్లో కరిగి ఎవరి కాళ్ళకో పట్టీలైంది. ఇంట్లో వెండి ఉంటే మనం ఊరుకుంటామా! కంచు కనుక ఇది బతికిపోయింది.

చింతపండుతో తోముదామంటే మా అబ్బాయి వద్దన్నాడు. అంచున సిపాయి నంబరు, పేరు, దళం చెక్కి ఉంటాయట. భూతద్దం పెట్టి చూస్తే నిజమే! తాతగారి పేరు, పక్కన హైదరాబాద్ లాన్సర్స్.

"హైదరాబాద్ రెజిమెంటన్నమాట" అన్నారు పక్కింటాయన. కాదండీ. అది బ్రిటిష్ వాళ్ళ సైన్యంలోది, 1945లో కుమావ్ రెజిమెంటుగా పేరు మారింది. లాన్సర్లు నిజాం సంస్థానం వాళ్ళు. 1914లో ఈజిప్టు చేరి సూయజ్ కాలువకు కాపలా కాశారు. తర్వాత పాలస్తీనా వెళ్ళారు. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ ముగ్గురు సిపాయిల్లో ఒకరు హైదరాబాదుకు గుర్తు. మిగతా ఇద్దరు మైసూరుకు, జోధ్‌పూర్‌కు.

హబ్సిగూడ దాటితే తార్నాక. అక్కడి రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు కాగితాలు చాలావరకు ఫార్సీ, ఉర్దూల్లోనే. రిటైరైన ఉర్దూ మాస్టారిని తోడు తీసుకెళ్ళాను. చూసిన కట్టల్లో తాతగారు కనబడలేదు. అయితేనేం, ఆ రెక్కల దేవత పతకం యుద్ధరంగంలో అడుగుపెట్టిన వాళ్ళకే ఇచ్చారు. నాటకాల కంపెనీలకు ఇవ్వలేదు!

ఈ మాట చెబితే అత్తగారు పొంగిపోతారనుకున్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "మరి మా నాయనమ్మ పేరెక్కడుందే?" అన్నారు.

ఆయన లేని నాలుగైదేళ్ళూ వాళ్ళిళ్ళలో వీళ్ళిళ్ళలో వడ్లు దంచి ఇద్దరు పిల్లల్ని సాకింది ఆ తల్లి. ఆవిడకు నంబరూ లేదు, బిళ్ళా లేదు. ఉన్నదల్లా మనవరాలి జ్ఞాపకమే.

అందుకే రోజూ మధ్యాహ్నం కాఫీలయ్యాక అత్తగారు చెబుతుంటే పాలపద్దు పుస్తకం వెనక పేజీల్లో రాసుకుంటున్నాను. మొదటి పేజీలో ఆవిడ నాయనమ్మ పేరే ఉంది.