దేవుణ్ణి అడిగే హక్కు

2021 నవంబర్ 19, కార్తీక పౌర్ణమి. తెల్లవారుజామున కడప జిల్లా రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. చెయ్యేరు వరద పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు ఊళ్ల మీద పడింది. దీపాలు పెట్టడానికి శివాలయాలకు వెళ్లినవాళ్లు కూడా ఆ నీళ్లలో కొట్టుకుపోయారు. హ్యూస్టన్‌లో మాకప్పుడు ముందురోజు సాయంత్రం. నందలూరులో ఉన్న మా మేనత్తకు ఫోను కలిసేసరికి అర్ధరాత్రి దాటింది. "దీపం పెట్టేదానికి పోయినోళ్లను గూడా ఇడిసిపెట్టలేదు గదా నాయనా! ఆ శివునికి కండ్లు ల్యావా?" అని ఏడ్చింది. పక్కనుంచి ఎవరో "అట్ల అనగూడదు, పాపం" అంటున్నారు.

ఎందుకు అనగూడదు? దేవుని చేతల్లో మంచిచెడ్డలు ఎంచడానికి మనమెంత, మన బుద్ధి ఎంత అంటారు. మన బుద్ధి చిన్నదే, కాదనను. కానీ నాలుగేళ్లు ఎండిన చేను మీద వాన పడితే మా సీమలో అందరం "దేవుడు చల్లగా చూసినాడు" అంటాం. అదీ తీర్పే. ఆయన చేసినదాన్ని మంచి అని చెప్పగల బుద్ధి మనకుంటే, ఇది అన్యాయం అనిపించినప్పుడు నోరు విప్పే అర్హత కూడా ఆ బుద్ధికే ఉంటుంది. పొగడ్తకు పనికొచ్చిన మనసు ప్రశ్నకు పనికిరాదనడం సబబు కాదు.

మన పురాణాలు ఆ నోరు నొక్కలేదు. పోతన తమ ఊరివాడేనని ఒంటిమిట్టవాళ్లు నమ్ముతారు. ఆయన తెలుగు చేసిన భాగవతంలోనే సప్తమ స్కంధం ఒక నిలదీతతో మొదలవుతుంది. అందరినీ సమంగా చూసే భగవంతుడు ఇంద్రుడి పక్షాన చేరి రాక్షసులను ఎందుకు చంపాడని పరీక్షిత్తు అడుగుతాడు. ఏడు రోజుల్లో చావు రాసిపెట్టి ఉన్న మనిషి అడిగిన ప్రశ్న అది. శుకుడు కోప్పడలేదు, మంచి ప్రశ్న అడిగావని మెచ్చుకున్నాడు. భారతంలో గాంధారిది ఇంకా ఘాటైన నేరారోపణ. ఆపగలిగి ఉండీ యుద్ధాన్ని ఆపలేదని కృష్ణుణ్ణి శపించింది. నూరుగురు కొడుకులను పోగొట్టుకున్న తల్లి శాపాన్ని కృష్ణుడు కాదనలేదు, తలకెత్తుకున్నాడు.

చెయ్యేటిని మా పెద్దలు బాహుదా నది అంటారు. అన్న తోటలో అడగకుండా పండు తిన్నందుకు లిఖితుడి చేతులు రాజు నరికిస్తే, బాహుదలో మునగగానే అవి తిరిగి వచ్చాయని శాంతిపర్వంలో కథ. శిక్ష పడినవాడికి కూడా కనికరం దక్కాలని ఆ ఏటి కథే మాకు నేర్పింది. ఆ కొలతతోనే మా మేనత్త శివుణ్ణి కొలిచింది. దాన్ని నాస్తికం అనలేను. నమ్మకం లేనివాళ్లకు ఆయనతో తగువే ఉండదు.

నాకు మింగుడుపడని మాట ఇంకొకటి ఉంది: కొట్టుకుపోయినవాళ్ల పూర్వజన్మ పాపం అలా పండింది అనడం. బతికున్న మనం మన మనసు కుదుటపరుచుకోవడానికి, చనిపోయిన పసిబిడ్డ మీద నేరం మోపడం అది. దేవుణ్ణి కాపాడబోయి మనిషికి అన్యాయం చేయడం.

దేవుణ్ణి అడిగే హక్కు ఉన్నవాళ్లకు ఒక పూచీ కూడా ఉంది. మనుషుల తప్పును ఆయన పద్దులో రాయకూడదు. ఆ రాత్రి వాన దేవుడిదే అనుకుందాం. గేటు ఎవరిది? ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదన్న సంగతి పార్లమెంటు దాకా వెళ్లింది. రెండు లక్షల పైచిలుకు క్యూసెక్కులకు కట్టిన దారిలోకి మూడు లక్షలకు మించి వరద వచ్చింది. కిందనున్న ఊళ్లను వేళకు లేపి ఖాళీ చేయించాల్సింది మనుషులే.

ఇది కొత్త సంగతి కాదు. 1876-78 నాటి ధాత కరువులో కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తరిగిపోయింది. వాన పడకపోవడం ఒక ఎత్తు. జనం ఆకలితో రాలిపోతుంటే దేశం నుంచి ధాన్యం ఎగుమతి కావడం, కరువు పనులకు వచ్చినవాళ్ల కూలిలో ధాన్యాన్ని రోజుకు ఒక పౌనుకు బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ కోసేయడం ఇంకొక ఎత్తు. ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి అంతకు పదేళ్ల ముందు, 1866 కరువులో, తన ధాన్యం వండించి వేలమందికి అన్నం పెట్టాడు. కరువు ఆపలేకపోయినా ఆకలిచావులు ఆపవచ్చని చేసి చూపించాడు.

హ్యూస్టన్‌లోనూ 2017 ఆగస్టులో హార్వీ తుపానుకు ఆడిక్స్, బార్కర్ రిజర్వాయర్ల నీళ్లు వేల ఇళ్లలోకి వచ్చాయి. తుపాను మీద నెట్టేస్తే సరిపోదని బాధితులు కోర్టుకెక్కారు. ఎగువ ఇళ్ల విషయంలో ప్రభుత్వానిదే బాధ్యత అని 2019లో తీర్పు వచ్చింది.

మనుషుల పద్దు అంతా తీసేశాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. పండగనాడు దీపం పట్టుకొచ్చినవాళ్లే ఎందుకు? 1755లో లిస్బన్ భూకంపం క్రైస్తవుల పండగనాడు, జనం చర్చిల్లో ఉన్నప్పుడే వచ్చింది. అప్పుడు యూరప్ అంతా ఇదే అడిగింది. నాకు జవాబు తెలియదు. జవాబు లేదు గనక అడగొద్దంటే మాత్రం ఒప్పుకోను.

విదేశాల్లో ఉన్న మనం ఊరి గుడి గోపురానికి చందాలు పంపుతాం, మంచిదే. ఆ ఊరి పైనున్న కట్ట గట్టిగా ఉందా, గేట్లు ఆడుతున్నాయా, రాత్రిపూట జనాన్ని లేపే సైరన్ ఉందా అని కూడా అడగాలి. చేయగలిగిందంతా చేసినవాడు శివుడి ముందు నిలబడి "ఇది న్యాయమా సామీ?" అంటే, ఆ మాటను పాపం అనే అధికారం ఎవరికీ లేదు.