శాలిబండ చిట్టా

15 మార్చి 2024, శుక్రవారం

ఎన్నికల బాండ్లు కొన్నవాళ్ల పేర్లు నిన్న రాత్రి బయటికొచ్చాయి. రంజాన్ నెల కదా, హోటళ్లకు పరదాలు దించి ఉన్నాయి. పరదా వెనక కూర్చుని చాయ్ తాగుతూ ఫోన్లో జాబితా చూసుకుంటూ పోయాను. మొదటి పేరు ఫ్యూచర్ గేమింగ్ అనే లాటరీ కంపెనీ, 1,368 కోట్లు. రెండోది మన హైదరాబాద్‌దే, మేఘా ఇంజినీరింగ్, 966 కోట్లు. ఎవరు కొన్నారో ఒక పట్టిక, ఏ పార్టీకి ఎంత ముట్టిందో ఇంకో పట్టిక. రెంటికీ ముడివేసే నంబర్లు మాత్రం లేవు. గాజుల వ్యాపారి ఎవరైనా ఇట్లాంటి పద్దు నా దగ్గరికి తెస్తే కుర్చీలో కూర్చోనివ్వను.

22 మార్చి

నిన్న ఆ నంబర్లూ వచ్చేశాయి. బీజేపీకి ముట్టింది 6 వేల కోట్లపైన. బీఆర్ఎస్‌కు 1,214 కోట్లు. కాంట్రాక్టులకూ బాండ్లకూ లంకె ఉందా లేదా అని టీవీల్లో అరుస్తున్నారు. అది తేల్చవలసింది కోర్టులు. చట్టం దారి మాత్రం అందరికీ కనబడేట్టే వేశారు. కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో ఏడున్నర శాతం మించి పార్టీలకు ఇవ్వరాదన్న హద్దును 2017లో ఎత్తేశారు. నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా కోట్లు ఇవ్వొచ్చు. పాత పద్ధతిలో పన్ను కట్టే కంపెనీ అయితే ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 80 జీజీబీ కింద ఆ మొత్తం ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు. అంటే ఆ విరాళంలో కొంత భారం ఖజానాదే. ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీలు ఒకే మాటగా బాండ్లను కొట్టేశారు కాబట్టి ఇదంతా తెలిసింది. లేకపోతే మనకెక్కడిది?

పన్నుల పని చేసేవాణ్ణి, నా బుర్ర ఇంకో లెక్క వైపు పోయింది. 2015 బడ్జెట్‌లో సంపద పన్ను ఎత్తేస్తూ అరుణ్ జైట్లీ ఒక అంకె చెప్పారు. 2013-14లో దేశం మొత్తం మీద ఆ పన్ను కింద వచ్చింది 1,008 కోట్లు. వసూలు ఖర్చెక్కువ, రాబడి తక్కువ అన్నారు. దేశంలోని ఆస్తిపరులంతా కలిసి ఏడాదికి కట్టింది వెయ్యి కోట్లయితే, ఒక్క కంపెనీ కొన్న బాండ్లు 966 కోట్లు!

ఆ పన్ను ఎందుకంత తక్కువ రాలిందో ఆ ఫారాలు నింపినవాళ్లకు తెలుసు. నగలు, కారు, రెండో ఇల్లు, పట్నంలో ఖాళీ జాగా, ఇట్లాంటివి 30 లక్షలు దాటితే పైదానిపై ఒక శాతం. షేర్లు లెక్కలోకి రావు, బ్యాంకు డిపాజిట్లు రావు. పెద్ద సంపద ఉండే చోటే అది. అక్కడ వెతకకుండా ఏమీ దొరకలేదని ఫైలు మూసేశారు.

27 మార్చి

రంజాన్‌లో నాకు ఫీజు లేని పని ఒకటుంటుంది, ముస్లింలు ఏటా తప్పనిసరిగా ఇచ్చే దానం, జకాత్ లెక్క. గాజుల సేటు వచ్చాడు, లాడ్ బజార్‌లో చిన్న దుకాణం. తరావీహ్ నమాజుకు పోయేముందు అయిపోవాలన్నాడు.

"ఉండే ఇల్లు వద్దు సార్, దానికి జకాత్ లేదు. దుకాణంల సరుకు రాయండి."

"అమ్ముడుపోని పాత డిజైన్లు కూడానా?"

"అవి కూడా. మాల్ మాలే కదా సార్. నేనిచ్చేటి బాకీలు తీసెయ్యండి, నాకు రావాల్సినవి కలపండి."

చేతిలో నగదు, బ్యాంకులోది, భార్య బంగారం, సరుకు అన్నీ కూడి, బాకీలు తీసేసి, మిగిలింది 612 గ్రాముల వెండి విలువ దాటితే నూటికి రెండున్నర. లాభం వచ్చిందా లేదా అని జకాత్ అడగదు. పోయినేడు ఇచ్చావుగా అని ఊరుకోదు. ఏటా ఉన్నదాని మీద ఇవ్వాలి. మా సేటు తన ఆదాయపు పన్ను రిటర్న్‌లో రూపాయి రూపాయికి నాతో పోట్లాడతాడు. జకాత్ దగ్గర మాత్రం ఎక్కువే వేయమంటాడు. దేవుడి భయం ముందు పన్ను శాఖ నోటీసు ఏపాటి?

6 ఏప్రిల్, శనివారం

తుక్కుగూడలో కాంగ్రెస్ సభ. కులగణనతోపాటు ఎవరి చేతిలో ఎంత సంపద ఉందో కూడా సర్వే చేస్తామన్నారు రాహుల్ గాంధీ. మా వీధిలో దీని గురించి ఎవరూ మాట్లాడలేదు. పండగ బట్టల గొడవలో ఉన్నారు.

25 ఏప్రిల్

ఇప్పుడు మాట్లాడుతున్నారు. కాంగ్రెస్ వస్తే మంగళసూత్రాలు కూడా వదలరని రాజస్థాన్ సభలో ప్రధాని అన్నారు. మొన్నేమో కాంగ్రెస్ నేత శామ్ పిట్రోడా అమెరికాలో వారసత్వపు పన్ను ఉందన్నారు. అంతే, వర్గపోరు రగిలిస్తున్నారని, మావోయిస్టు ఆలోచనలని రాత్రి టీవీలో ఒకటే గోల. ఆటో నడిపే కుర్రాడు వచ్చి, "అన్నా, మా నాయన పేర్న ఉన్న ఆటో నాకు రాదా?" అని అడిగాడు. నిజంగానే అడిగాడు.

ఈ దేశంలో వారసత్వపు పన్ను ఉండేది. 1953లో వచ్చింది, 1985లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం తీసేసింది. పై మెట్టున రేటు 85 శాతం దాకా ఉండేది. అప్పుడు ఎవరి పుస్తెలూ ఎవరూ తెంపుకుపోలేదు. పుస్తెలతాడు భయం మా గల్లీ ఆడవాళ్లకు ఉంది, అయితే దాని కారణం వేరు. ఆస్పత్రి బిల్లుకో పిల్ల ఫీజుకో అది గిర్వీ దుకాణం బీరువాలోకి చేరి, గడువు దాటితే కరిగిపోతుంది. దాని గురించి ఏ సభలోనూ ఎవరూ గొంతు చించుకోరు.

పోయిన నెలే వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ లెక్క కట్టింది. 2022-23లో దేశ సంపదలో 40.1 శాతం పైనున్న ఒక్క శాతం చేతిలో ఉందట. ఆదాయంలో వాళ్ల వాటా 22.6. తెల్లదొరల కాలంలోకంటే ఎక్కువ. ఈ అంకె చెప్పినవాణ్ణి వర్గపోరు చేస్తున్నాడంటారు, ఆ అంకెకు కారణమైన చట్టాలు రాసినవాణ్ణి సంస్కర్త అంటారు. అమెరికా కుబేరుడు వారెన్ బఫెట్ నయం. వర్గయుద్ధం ఉన్నమాట నిజమే, చేస్తున్నది మా ధనికవర్గం, గెలుస్తున్నదీ మేమే అని 2006లో ఒక పత్రికతో ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

2 మే

ఎండ మాడుస్తోంది. సాయంత్రం గడియారం టవర్ కింద నిలబడ్డాను. వెనకున్న రాజా రాయ్‌రాయన్ దేవిడీ దాదాపు కూలిపోయింది, టవర్ మిగిలింది. నిజాం సర్కారు దఫ్తర్లు తరతరాలుగా చూసిన కుటుంబం వాళ్లది. మహారాజా కిషన్ పర్షాద్ దేవిడీ కూడా ఈ శాలిబండలోదే. ఆయన పూర్వీకుడు నిజాం సర్కారు నడిపిన చందూలాల్. బ్యాంకుకూ సర్కారుకూ ముడి పడితే ఏమవుతుందో ఆ పెద్దమనిషి కాలంలోనే ఈ ఊరు చూసేసింది.

విలియం పామర్ అండ్ కంపెనీ అని ఒక అప్పుల కొట్టు ఉండేది. దొరలు దేశీ రాజులకు అప్పులివ్వరాదని అప్పటికే చట్టం ఉంది. 1816లో గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ఈ కొట్టుకు మాత్రం మినహాయింపు ఇచ్చాడు. కొట్టులో భాగస్తుడు సర్ విలియం రంబోల్డ్. ఆయన భార్య హేస్టింగ్స్ పెంచిన పిల్ల. ఆ సంగతి కలకత్తాలో అందరికీ తెలుసు. నిజాం సైన్యానికి జీతాలివ్వాలని చందూలాల్ అప్పు తెస్తాడు, వందకు ఏడాదికి 25 దాకా వడ్డీ. తీర్చడానికి జిల్లాల శిస్తు రాసిస్తాడు. ఆ శిస్తు కట్టేది తెలంగాణ, మరాఠ్వాడా రైతు. 1820లో 60 లక్షల అప్పు రాశారు. కొత్త రెసిడెంట్ మెట్‌కాఫ్ వచ్చి తవ్వితే అందులో 8 లక్షలు కొట్టు తనకు తాను రాసుకున్న బోనస్ అని బయటపడింది.

చివరికి ఎవరు కట్టారు? ఉత్తర సర్కారుల కోసం ఈస్టిండియా కంపెనీ నిజాంకు ఏటా 7 లక్షల పేష్కష్ ఇవ్వాలి. 1823లో దాన్ని ఒకేసారి తెంపుకున్నారు, కోటీ 16 లక్షల చిల్లరకు. ఆ డబ్బుతో పామర్ బాకీ తీర్చారు. శాశ్వతంగా రావలసిన రాబడి ఒక ప్రైవేటు కొట్టు ఖాతాలో జమైపోయింది. మరుసటేడు కొట్టు దివాలా తీసింది. ఆ కాలంలో అడవుల్లో తిరుగుబాటు చేసిన భిల్లుల పేరు దోపిడీగాళ్ల పద్దులోకెక్కింది. పామర్ పేరు సంస్థానపు మర్యాదస్తుల జాబితాలోనే ఉండిపోయింది, ఆయన 1867 దాకా ఈ ఊళ్లోనే బతికాడు.

3 మే

నిన్నటి రాతకు చిన్న తోక. మా వీధిలో రోజువారీ ఫైనాన్స్ ఇట్లా నడుస్తుంది. కాగితం మీద 10 వేలు, చేతికి 9 వేలు, రోజుకు వంద చొప్పున వంద రోజులు. ముందే కోసుకునే ఆ వెయ్యికీ, పామర్ కొట్టు 60 లక్షల్లో కోసుకున్న ఆ ఎనిమిదికీ తేడా సున్నాల్లోనే. అసలు రోజురోజుకూ తరుగుతుంది కాబట్టి సరిగ్గా కడితే ఏడాది వడ్డీ 80 శాతం దాటుతుంది. పామర్ దొర ఇంతకంటే దయగలవాడే.

13 మే, సోమవారం

ఓటేసొచ్చాను. మా హైదరాబాద్ స్థానంలో అసదుద్దీన్ ఒవైసీ అఫిడవిట్‌లో చూపింది దాదాపు 24 కోట్లు, మాధవీలత కుటుంబానిది 220 కోట్లపైన. పక్కన చేవెళ్లలో కొండా విశ్వేశ్వర్ రెడ్డి కుటుంబానికి 4,568 కోట్లు. గుంటూరులో పెమ్మసాని చంద్రశేఖర్‌వి 5,700 కోట్లు దాటాయి. దేశమంతటి లోక్‌సభ అభ్యర్థుల్లో మొదటి రెండు స్థానాలూ తెలుగువాళ్లవే. ఎవరి కష్టం వాళ్లది, కాదనను. అయితే ఎన్నికల ఖర్చుకు పరిమితి 95 లక్షలని చట్టం రాసుకుని మనమే నవ్వుకుంటున్నాం. మా స్థానంలో ఓటేసింది 48.48 శాతం.

14 మే

1952లో శాలిబండ పేరుతోనే ఒక అసెంబ్లీ నియోజకవర్గం ఉండేది. కాంగ్రెస్ తరఫున మాసూమా బేగం, కమ్యూనిస్టుల పీడీఎఫ్ తరఫున మఖ్దూం మొహియుద్దీన్. ఆమె బిల్‌గ్రామీల ఇంటి మనవరాలు, చదువుకున్న తల్లి కూతురు, సంఘసేవలో పేరున్న మనిషి. ఆయన కవి, సిటీ కాలేజీలో పాఠం చెప్పి మానేసి కార్మిక సంఘాలు కట్టినవాడు. అప్పటికి కమ్యూనిస్టులు తెలంగాణ సాయుధ పోరాటం విరమించి కొన్ని నెలలే. నల్లగొండలో రావి నారాయణరెడ్డికి దేశంలోకెల్లా ఎక్కువ ఓట్లు, నెహ్రూకంటే ఎక్కువ. ఇక్కడ మాత్రం మఖ్దూం ఓడిపోయాడు, తర్వాత హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో గెలిచాడు.

నల్లగొండ వైపు భూమి దున్నేవాడికి విసునూరు దేశ్‌ముఖ్ కళ్లెదుట ఉన్నాడు, 40 వేల ఎకరాలతో. పాతబస్తీలో ఆ గీత అంత తేటగా ఉండదు. ఇక్కడి పేదల్లో చాలామంది నవాబుల ఇళ్లలో, నిజాం సొంత ఎస్టేటు సర్ఫెఖాస్‌లో, ఆయన ఫౌజులో తిండి తిన్నవాళ్లు. 1948 తర్వాత ఆ కొలువులు పోయి, 1949లో జాగీర్లు రద్దయి, రోడ్డున పడ్డారు. రైతుకు విడుదల అనిపించినది వీళ్లకు ఉపాధి పోవడం అయింది. ఇక్కడ పేదవాడు ఉన్నవాడికి ఎదురు తిరగడం కంటే తన మతంవాడి పక్కన నిలబడటం ఎక్కువ. ఆ సంగతి 1952లో ఎంత నిజమో నిన్న క్యూలోనూ అంతే.

9 జూన్

ఫలక్‌నుమా దాకా నడక. కట్టించిన వికారుల్ ఉమ్రా అప్పులపాలయ్యాడు, ప్యాలెస్ నిజాం చేతికి పోయింది, 2010 నుంచి తాజ్ హోటల్. 2017 నవంబర్‌లో ఇవాంకా ట్రంప్‌కు విందు ఇక్కడే. ఆమె రాకముందు నగరంలో రెండు నెలలపాటు అడుక్కోవడం నిషేధించి, దొరికినవాళ్లను చంచల్‌గూడ జైలు ఆవరణలోని ఆశ్రమానికి తోలారు. ఆమె వచ్చిన సదస్సు పేరు పారిశ్రామికవేత్తలది.

4 జూలై

గాజులకు స్టోన్లు అతికించే ఆపా రిటర్న్ కోసం రాలేదు, ఆమెకు రిటర్న్ అవసరం లేదు. కొడుకు స్కాలర్‌షిప్ కాగితాలతో వచ్చింది. నిప్పుల అంగీఠీ మీద లక్క మెత్తబడితే మొగవాళ్లు వత్తి గాజు చుడతారు. లక్క ఆరకముందే సన్నపుల్లతో ఒక్కో రాయిని ఎత్తి నొక్కడం ఆమె పని. వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయి బ్యాంకులో వేలిముద్ర పడదు. జత లెక్కన కూలి. ఈ ఏడే హైదరాబాద్ లక్క గాజులకు జీఐ గుర్తింపు వచ్చింది. ఆమెకు చెబితే "అచ్ఛా?" అంది. కూలి పెరగలేదు.

నిన్నటి నుంచి ఫోన్ రేట్లు పెరిగాయి. జియోలో 28 రోజులకు 239 ఉన్నది 299. మిగతా కంపెనీలూ వెనకే. డిజైన్ ఫొటో వాట్సాప్‌లో వస్తేనే ఆమెకు పని. నెట్ లేకపోతే సరుకు ఇంకో ఇంటికి పోతుంది. "అరవై రూపాయలంటే ఒక పూట పని సార్," అంది.

12 జూలై

ముంబైలో జియో అంబానీల పెళ్లి. రీఛార్జ్ దుకాణం కుర్రాడు ప్రతివాడికీ "కట్నం చదివించారు, థాంక్యూ" అంటున్నాడు. అందరూ నవ్వుతూ 299 ఇస్తున్నారు.

26 జూలై, శుక్రవారం

మంగళవారం బడ్జెట్. విదేశీ కంపెనీల పన్ను 40 నుంచి 35 శాతానికి తగ్గింది. బంగారం సుంకం 15 నుంచి 6కు దిగింది, గిర్వీ సేటు ముఖం వాడింది. సంపద పన్ను ఊసే లేదు. బ్రెజిల్‌లో జీ20 ఆర్థిక మంత్రులు అతి ధనవంతుల పన్ను గురించి కలిసి ఆలోచిస్తామన్నారు. వాళ్ల ముందున్నది ఆర్థికవేత్త గాబ్రియేల్ జుక్‌మాన్ లెక్క. ప్రపంచంలోని 3 వేలమంది శతకోటి డాలర్ల ఆసాములు ఏటా సంపదలో కనీసం 2 శాతమైనా పన్నుగా కట్టాలి, అంతే. మా గాజుల సేటు పాత డిజైన్లతో సహా లెక్కేసి కట్టేది రెండున్నర. ఆ 2 శాతం అతివాదమని ఇప్పుడే ఒక పెద్దమనిషి టీవీలో అంటున్నాడు. సేటును తీసుకుపోయి ఆయన పక్కన కూర్చోబెట్టాలి.

జూలై 31 గడువు. రిటర్న్ ఆలస్యమైతే అపరాధ రుసుము 5 లక్షల లోపు ఆదాయానికి వెయ్యి, ఆపైన 5 వేలు. ఆదాయం 6 లక్షలైనా 600 కోట్లయినా అదే 5 వేలు.