పేరు కుదిరింది

మా పిల్లలిద్దరి బారసాలలకు కలిపి కూడా ఇంత చర్చ జరగలేదు. ఒక వెబ్‌సైటుకు పేరు పెట్టడానికి మా ఇంట్లో సరిగ్గా పదకొండు రోజులు పట్టింది.

సంగతి మొదటినుంచీ చెప్పాలి. మా అమ్మ పోకముందు, ఆమె పాడిన తిరగలి పాటలూ, లాలిపాటలూ టేపు మీద పట్టి వుంచాను. మొత్తం 22 పాటలు. తరువాత వాటిని ఒక వెబ్‌సైటులో పెట్టించాను. దేవరకొండలో మా అక్కయ్య, మనమడు ఫోనులో ఆ చిరునామా నొక్కి ఇస్తే, రోజూ దీపాలవేళ వింటూ వుండేది.

పోయిన ఏడాది ఒకనాడు అక్కయ్య ఫోను చేసింది.

“తమ్మీ! అమ్మ పాట నొక్కితే పత్తాలు వస్తున్నయేందిరా?”

చూద్దును గదా, నిజమే! అమ్మ ఫోటో వుండవలసిన చోట రాణీ, జాకీ పేకముక్కలు మెరుస్తున్నాయి. ఎవరో జూదం దుకాణం తెరిచారు.

తప్పు నాదే. పేరు కొనుక్కున్నాననుకున్నాను. అది కొనుగోలు కాదు, కౌలు. గడువు గడువుకూ డబ్బు కట్టి నిలుపుకోవాలి. గడువు దాటుతోందని వచ్చిన హెచ్చరికలన్నీ నేను వాడడం మానేసిన పాత ఈమెయిలుకు పోయాయి. డాట్ కామ్ పేరైతే, ఇచ్చినవారు రద్దు చేసిన తరువాత కూడా 30 రోజుల లోపల జరిమానా కట్టి విడిపించుకోవచ్చు. ఆ పైన మరో 5 రోజులకు అది ఎవరికైనా దొరుకుతుంది. అందుకోసమే కాచుకుని వుండేవాళ్లున్నారు. జనానికి అలవాటైన చిరునామా కంటే దుకాణానికి మంచి స్థలం ఏముంటుంది? పాటలు నా దగ్గర భద్రంగానే వున్నాయి. పోయింది తలుపు.

అక్కయ్యకు డెబ్బై తొమ్మిదేళ్లు. కొత్త తలుపు తొందరగా పెట్టాలి. అదీ మళ్లీ మార్చనవసరం లేనిది కావాలి.

అప్పుడే సింగపూరు నుంచి అమ్మాయి వచ్చి వుంది. రాత్రి భోజనాలయ్యాక డాబా మీద సభ తీర్చాము. మొదట నా పేరే పెడదామన్నాను. అది ఎవరో ఎప్పుడో తీసేసుకున్నారట. “పోనీలెండి, మీ పాటలా ఏమన్నానా?” అన్నది మా ఆవిడ.

మేమున్నది పహాడీ షరీఫ్‌లో. వూరి పేరు పెడదామన్నాడు అబ్బాయి. పేరు వినసొంపుగానే వుంది గాని, ఇంగ్లీషులో దాన్ని రాయడమెట్లా? పహాడీకి ‘డి’ పెట్టేవారున్నారు, ‘ఆర్’ పెట్టేవారున్నారు. షరీఫ్‌కు ‘ఈ’ రెండుసార్లు రాసేవారున్నారు, ఒక్క ‘ఐ’తో సరిపెట్టేవారున్నారు. అదీగాక, ఆ పేరు గుట్టమీది బాబా షర్ఫుద్దీన్ దర్గాను బట్టి వచ్చింది. మొక్కు తీర్చుకోవడానికి దారి వెతుక్కునే వాళ్లకు మా ఇంటి లాలిపాట వినిపించడం ధర్మం కాదు.

తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చునన్నది అమ్మాయి. చివర డాట్ కామ్‌కు బదులు తెలుగులో ‘భారత్’ అని వస్తుందట. నాకు ప్రాణం లేచివచ్చింది. దీర్ఘాలు దీర్ఘాలుగానే వుంటాయి. ఐతే యంత్రం లోలోపల దాన్ని ‘ఎక్స్ ఎన్’తో మొదలయ్యే ఇంగ్లీషు అక్షరాల గందరగోళంగా మార్చుకుంటుంది. ఒక్కొక్కచోట ఆ గందరగోళమే బయటికి కనిపిస్తుంది. పైగా, విదేశాల్లో వున్న మా వాళ్ల పిల్లలకు తెలుగు అక్షరాలు కొట్టడం రాదు. చాలాసేపు వూగిసలాడి మానుకున్నాను.

అంతలో నెత్తిమీదుగా విమానమొకటి శంషాబాదు వైపు దిగింది. అమ్మాయికి ఏం తోచిందో, కిందికి పోయి అటకమీది పాత పెట్టె దించింది. దాని పిడికి 2006 నాటి విమానం చీటీ ఇంకా వేలాడుతోంది. దానిమీద ‘హెచ్ వై డి’ అనే మూడక్షరాలు. ఈసారి తెచ్చిన పెట్టె మీద కూడా ఆ మూడక్షరాలే.

“చూశావా నాన్నా! అప్పుడు దిగింది బేగంపేటలో, ఇప్పుడు దిగింది శంషాబాదులో. పేరొక్కటే!”

నిజమే. 2008 మార్చిలో విమానాశ్రయం శంషాబాదుకు మారినప్పుడు ఆ మూడక్షరాలు కూడా వెంట వచ్చాయి. బేగంపేటకు ‘బి పి ఎం’ అని వేరే గుర్తు ఇచ్చారు. 1983లో అమెరికాలో పాల్ మొకపెట్రిస్ అనే ఆయన ఇంటర్నెట్‌లో పేర్ల పద్ధతి రూపొందించినదీ ఇటువంటి సదుపాయానికే. యంత్రానికి అసలు చిరునామా అంకెలు. పాటలు ఈ కంపెనీ యంత్రంలోంచి ఆ కంపెనీ యంత్రంలోకి మార్చితే అంకెలు మారతాయి. మనిషి గుర్తుంచుకున్న పేరు మాత్రం మారదు. అటువంటి పేరుకు వూరుతోనూ, ఉద్యోగంతోనూ ముడి పెట్టరాదు.

ఆ రాత్రి ఒక నియమం పెట్టుకున్నాం. ఫోనులో ఒక్కసారి చెబితే అక్కయ్య మనమడు తప్పు లేకుండా రాసుకోవాలి. 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చునట గాని, పన్నెండు దాటరాదు. అంకెలు వద్దు, అడ్డగీతలు వద్దు. మా ఇంటిపేరులో దీర్ఘాలు లేవు, ఒత్తులు లేవు. దానికి ‘పాట’ చేరుద్దామంటే, ‘ఏ’ ఒకటా రెండా అన్న పేచీ వచ్చింది. ‘అమ్మ’కు ఆ పేచీ లేదు. ఇంటిపేరు, అమ్మ, చివర మన దేశపు గుర్తు డాట్ ఇన్. సభ ఏకగ్రీవంగా ఆమోదించింది.

ఈసారి ఐదేళ్లకు కట్టాను. నా పేరనే రాయించి, అమ్మాయి ఈమెయిలు కూడా ఇచ్చాను. గడువు తేదీని బీరువా తలుపు లోపల పెద్ద అక్షరాలతో రాశాను.

పాటలెక్కించి దేవరకొండకు ఫోను చేశాను. పిల్లవాడు ఒక్కసారికే రాసుకున్నాడు. కాసేపటికి ఫోనులో తిరగలి చప్పుడు, దాని వెనుక అమ్మ గొంతు. అక్కయ్య మాట్లాడలేదు. పాట అయిపోయాక గొంతు సవరించుకుని అన్నది:

“రెండో చరణం ఎప్పుడూ గిట్లనే తప్పు పాడేదిరా అమ్మ. ఇంకొక్కసారి పెట్టుమను.”