ఒకే ఒక్క మొక్క

ఇంగ్లాండు ఉత్తరాన యార్క్‌షైర్ లోయల సున్నపురాతి నేలలో, మట్టిలోనే వేరూని పెరిగే ఒక ఆర్కిడ్ ఉన్నది. దాని పసుపుపచ్చని పువ్వుది పాదరక్ష ఆకారము. మరియమ్మ చెప్పు అని పూర్వులు పేరు పెట్టారు. లోపల తేనె చుక్కయినా లేదు. ఆశపడి దూరిన తేనెటీగ వెనుక సందుగుండా, వీపున పుప్పొడి మోసుకొని బయటపడవలసిందే. మోసమే గాని ప్రాణహాని లేదు!

మనిషి ఆశ అట్టిది కాదు. తోటలకని పెకలించగా పెకలించగా, 1917 నాటికి అంతరించిందన్నారు. 1930లో ఒకే ఒక్క మొక్క కనబడింది. ఆ చోటు నేటికీ రహస్యమే; పూతకాలంలో కావలి ఉండేవారు. ధూళివంటి దాని గింజలో ఆహారముండదు, నేలలోని బూజు తోడు లేనిదే మొలవదు. క్యూ ఉద్యానవన శాస్త్రజ్ఞులు గాజుపాత్రలలో మొలిపించి, లాంకషైర్‌లోని గేట్ బారోస్ వంటి చోట్ల నాటించారు. ఇటీవల యార్క్‌షైర్‌లో, ఎవరూ నాటని మొక్క ఒకటి తనంతట తానే మొలిచి కనబడింది. అదెక్కడో మాత్రం చెప్పలేదు.