ఆఖరి పేజీ ఏదండీ?

వారపత్రికలో సీరియల్ మంచి పట్టులో ఉండగా 'సశేషం' అని కనిపిస్తే రచయితని ఎన్ని తిట్టుకునేవాళ్లమో గుర్తుందా? ఇప్పుడాలోచిస్తే ఆయన మనకెంత మేలు చేశాడో అనిపిస్తుంది. పుస్తకం మూసి, పొయ్యి మీద పప్పు ఏమైందో చూసుకునేవాళ్లం. దూరదర్శన్ కూడా రాత్రయ్యేసరికి కట్టేసేవారు. చూడాలన్నా ఏమీ ఉండేది కాదు.

ఫోనుతో వచ్చిన తంటా ఇదేనండీ, దానికి ఆఖరి పేజీ లేదు. ఉండకుండా చేశారు. 2006లో అజా రాస్కిన్ అనే డిజైనరు, జనానికి 'తర్వాతి పేజీ' నొక్కే శ్రమ ఎందుకులే అని, వేలితో జరిపేకొద్దీ కింద కొత్తది వస్తూనే ఉండే పద్ధతి తయారుచేశాడు. ఆ తర్వాత ఆయనే ఎందుకు చేశానా అని బాధపడ్డాడు. అప్పటికే ఆ పద్ధతి ప్రపంచమంతా పాకిపోయింది. మన దగ్గర 2020 జూన్‌లో టిక్‌టాక్‌ని నిషేధిస్తే అమ్మయ్య అనుకున్నామా? జూలైలో రీల్స్ దిగాయి, సెప్టెంబరులో షార్ట్స్.

పోనీ ఆ వీడియోలన్నీ బాగుంటాయా అంటే అదీ లేదు. తొమ్మిది చప్పగా ఉంటే పదోది నవ్విస్తుంది. అన్నీ బాగుంటే ఎప్పుడో మొహం మొత్తేది. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలతో ప్రయోగాలు చేసి చూపించింది ఇదే: గింజ ఎప్పుడు పడుతుందో తెలియనప్పుడే అవి వదలకుండా ఎదుటి బిళ్లను పొడుస్తాయి. కాబట్టి 'నాకు నిగ్రహం లేదు' అని మిమ్మల్ని మీరు ఆడిపోసుకోకండి. ఆగే చోటు లేని దారిలో నిగ్రహం ఎంతసేపని కాపలా కాస్తుంది?

మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడ్‌గావ్ అనే ఊరివాళ్లు 2022లో ఓ ఉపాయం చేశారు. సాయంత్రం ఏడింటికి గుళ్లో సైరన్ మోగుతుంది. ఊరంతా టీవీలూ ఫోన్లూ కట్టేసి గంటన్నర పాటు పిల్లల్ని చదువుకి కూర్చోబెడతారు. నాకు నచ్చింది సైరన్ కాదు, పెద్దలూ కట్టేయడం. మనం రీల్స్ చూస్తూ పిల్లాణ్ణి చదువుకోమంటే వాడెందుకు వింటాడు చెప్పండి?

ఆదివారమంతా ఫోను ముట్టననే వాళ్లని నేను పెద్దగా నమ్మను. ఏకాదశి ఉపవాసం చేసి ద్వాదశి పొద్దున్నే రెండింతలు లాగించినట్టు, సోమవారం వడ్డీతో సహా చూస్తారు. అంతకంటే చిన్న చిన్న అడ్డుకట్టలే నయం. బ్యాంకువీ, ఇంటివాళ్లవీ తప్ప మిగతా నోటిఫికేషన్లు ఆపేయండి. బంధువుల గ్రూపులో శుభోదయం పూలు మధ్యాహ్నం దాకా వాడవు. సెట్టింగుల్లోకి వెళ్లి తెరని నలుపు తెలుపు చేసి చూడండి, బూడిదరంగు బిర్యానీని ఎంతసేపని చూస్తారు? అయితే ఆర్డరు మోగితేనే ఆదాయం ఉండే డెలివరీ కుర్రాడికి మాత్రం ఈ సలహాలు చెప్పకండి, పాపం.

మీరు మాత్రం ఈ రాత్రికి ఛార్జరుని పడగ్గదిలోంచి హాల్లోకి మార్చండి. అలారం కోసమే పక్కన పెట్టుకుంటున్నానంటారా? అలారం గడియారాలు ఇంకా అమ్ముతూనే ఉన్నారండీ, ఒకటి కొనుక్కోండి.