ఈ టాబ్లెట్‌కీ మోతాదుంది

"బాబుగారూ, మా మనవడు ట్యాబ్లెట్టుకి అలవాటు పడిపోయాడండి. ఎలాగైనా మాన్పించాలండి."

రాజోలు దగ్గర ఒక లంక గ్రామం నుంచి వచ్చిన ముసలమ్మ ఈ మాట అనగానే నేను ఉలిక్కిపడ్డాను. నా గదిలో టాబ్లెట్ అంటే నేను చీటీ మీద రాసిచ్చేదే గాని వేరే అర్థం లేదు. "ఏం మాత్రలమ్మా? నిద్రమాత్రలా?" అని అడిగాను. వెనకాల నిలబడ్డ పదకొండేళ్ళ కుర్రాడు కిసుక్కున నవ్వాడు. అప్పటికి గాని నా బుర్రకి తట్టలేదు, ఆమె చెబుతున్నది చేతిలో పట్టుకునే కంప్యూటరు పలక గురించి అని.

ఆ కుర్రాడి సంగతి తరువాత చెబుతాను. ముందు నా సంగతి చెప్పుకోవాలి. ఎందుకంటారా? ఈ జబ్బు ముందు పట్టింది నాకే.

2012 సంక్రాంతికి ఇంటికొచ్చిన మా అబ్బాయి ఒక ట్యాబు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. ఇలాంటి పలకల పేరు అప్పటికే పత్రికల్లో చదివి ఉన్నాను. 2010 జనవరి 27న స్టీవ్ జాబ్స్ శాన్ ఫ్రాన్సిస్కోలో మొదటి ఐప్యాడ్‌ని చూపించినప్పుడు వేదిక మీద మెత్తటి కుర్చీ వేయించుకుని, అందులో చేరగిలబడి, పలకని ఒళ్ళో పెట్టుకుని చూపించాడు. బల్ల అక్కర్లేని కంప్యూటరు ఇది అని చెప్పడం ఆయన ఉద్దేశం. వైద్యుడిగా ఇప్పుడు నాకనిపించేదేమిటంటే, మెడనొప్పి కూడా ఆ కుర్చీలోనే పుట్టింది!

మొదటి వారం నాకు పండగే. చత్వారం వచ్చిన కళ్ళకి రెండు వేళ్ళతో అక్షరాలను పెద్దవి చేసుకోగలగడం ఎంత హాయో అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది. రోగి మోకాలి ఎక్స్‌రేని పెద్దది చేసి, "ఇదిగో, ఇక్కడ అరిగింది" అని చూపిస్తే, నేను పావుగంట చెప్పినా అర్థం కానిది క్షణంలో అర్థమయ్యేది. షుగరు లెక్కలు అందులోనే రాసుకునేవాణ్ణి. అది పని. రాత్రి భోజనమయ్యాక మంచం మీద పడుకుని చదరంగం. అది ఆట. పని పావుగంటయితే ఆట గంటన్నర అయ్యేది.

మూడో వారానికి మెడ పట్టేసింది. తలగడ మార్చాను. కాలవ గట్టు రోడ్డు మీద స్కూటరు కుదుపులే కారణమనుకున్నాను. చివరికి ఎక్స్‌రే కూడా తీయించుకున్నాను. అందులో నా వయసుకి ఉండాల్సినవి తప్ప మరేం లేవు. అప్పుడు మా ఆవిడ, "ఏవండీ, ఆ పలకని నాలుగు రోజులు అవతల పెట్టి చూడండి" అంది. పెట్టాను. తగ్గింది. ఫీజు పుచ్చుకోలేదు గాని రోగనిర్ణయం ఆవిడదే.

ఇందులో వింతేమీ లేదు. మనిషి తల అయిదు కిలోల దాకా బరువుంటుంది. నిటారుగా ఉన్నంతసేపూ మెడ ఎముకలు దాన్ని తేలిగ్గా మోస్తాయి. ముందుకి వంచేకొద్దీ వెనక కండరాలు ఆ బరువుని లాగి పట్టుకోవాలి. కావడి బద్ద ఒకవైపుకి జరిగితే మోసేవాడికి ఎంత కష్టమో ఇదీ అంతే. న్యూయార్కులో వెన్నెముక శస్త్రవైద్యుడు కెన్నెత్ హన్స్‌రాజ్ 2014లో వేసిన లెక్క ప్రకారం తల 60 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం సుమారు 27 కిలోలు. అంటే ఒక చిన్న బియ్యం బస్తా. అది కాగితం మీద కట్టిన లెక్కే గాని మెడలో తూచి చూసింది కాదు. అయినా నా మెడ ఆ లెక్కని ఒప్పుకుంది.

మరి మానేశానా? లేదు. మా నాన్నగారు భాగవతం చదువుకునే వ్యాసపీఠం అటక మీద ఉంటే దింపించి, బల్ల మీద పెట్టి, దాని మీద ట్యాబుని నిలబెట్టాను. ఇప్పుడు పలకే నా కళ్ళ ఎత్తుకి వస్తుంది. నేను పలక దగ్గరికి వంగనక్కర్లేదు. పెద్దవాళ్ళు పుస్తకానికి పీఠం ఎందుకు వేశారో నాకు అరవై ఏళ్ళకి తెలిసింది.

సరే, ఇక కుర్రాడి దగ్గరికి వద్దాం. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డాక పాఠాలు తెరల మీదికెక్కాయి. 2022 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వం ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులివ్వడం మొదలుపెట్టింది. ఆ ఒక్క విడతలోనే నాలుగున్నర లక్షల మందికి పైగా పిల్లల చేతుల్లోకి అవి వెళ్ళాయి. ఇక మా కోనసీమలో ఇంకో దారి కూడా ఉంది, గల్ఫు దారి. ఈ కుర్రాడి ట్యాబు ఆ దారినే వచ్చింది. వాళ్ళమ్మ కువైట్‌లో ఒకరింట్లో పని చేస్తూ, సెలవు మీద వచ్చినప్పుడు తెచ్చింది.

"రేత్రి పన్నెండైనా దాన్ని వదలడండి. బళ్ళో కునికిపాట్లంటండి. తలనొప్పంటాడు, కళ్ళు మంటలంటాడు" అని ముసలమ్మ గోడు. నేను చూశాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తెర చూస్తున్నప్పుడు మనం రెప్ప వేయడం సగానికి సగం తగ్గిపోతుంది. కన్ను ఆరిపోయి మండుతుంది. నిద్ర సంగతీ తెలిసిందే. బోస్టన్ పరిశోధకులు 12 మంది చేత అయిదు రాత్రులు పడుకునే ముందు ట్యాబు మీదా, మరో అయిదు రాత్రులు కాగితం పుస్తకంలోనూ చదివించి, ఆ ఫలితాలను 2014 చివర ప్రచురించారు. ట్యాబు చదివిన రాత్రుల్లో నిద్ర పట్టడం పది నిమిషాలు ఆలస్యమైంది. నిద్రని పిలిచే మెలటోనిన్ అనే హార్మోను తగ్గి, ఆలస్యంగా ఊరింది. ఇదంతా మనసులో పెట్టుకుని, "రాత్రి తొమ్మిది దాటాక దాన్ని బీరువాలో పెట్టి తాళం వెయ్యండమ్మా" అని చెప్పి పంపించేశాను.

అయిదో రోజున ముసలమ్మ మళ్ళీ వచ్చింది. "ఆయ్, మీరు చెప్పినట్టే తాళం ఏశానండి. ఆడు అన్నం మానేశాడండి."

ఆమెని బయట కూర్చోమని, కుర్రాణ్ణి దగ్గరికి పిలిచి, "రాత్రి పన్నెండింటికి అందులో ఏం చూస్తావురా నాన్నా?" అని అడిగాను. వాడు నేల చూపులు చూస్తూ, "అమ్మనండి" అన్నాడు.

కువైట్ గడియారం మన గడియారానికి రెండున్నర గంటలు వెనక. ఆ తల్లి అంట్లు తోమి పని ముగించేసరికి అక్కడ తొమ్మిదిన్నర, ఇక్కడ పన్నెండు. ఆ పావుగంట మాటల కోసం ఈ కుర్రాడు మూడు గంటలు ఆటలాడుతూ మేలుకుని ఉండేవాడు. ఎనిమిదింటికే పడుకునే ముసలమ్మకి, మధ్యలో మెలకువ వచ్చినప్పుడు వెలుతురు కనిపించేదే గాని కారణం తెలియదు. ఆమె దగ్గరున్నది బొత్తాల ఫోను. అందులో తల్లి గొంతు వినిపిస్తుంది, మొహం కనిపించదు.

నేను సిగ్గుపడ్డాను. కొత్త మందు రాసే ముందు, "ఇంతవరకు ఏం వాడుతున్నారు, ఎందుకు వాడుతున్నారు" అని ప్రతి రోగినీ అడుగుతాను. ఆ రోజు అడగలేదు. తెర ఒకటే అయినా అందులో దొరికేదంతా ఒకటి కాదు. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం 2016లో ఏడాదిన్నర లోపు పిల్లలకి తెర వద్దంటూనే, వీడియోలో మాట్లాడుకోవడాన్ని మాత్రం మినహాయించింది.

ఆ తల్లితో అదే ట్యాబులో నేనే మాట్లాడాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక మూడింటికి అరగంట తీరిక దొరుకుతుందట. మేడంని అడిగి చెబుతానంది, మర్నాడు చెప్పింది. అక్కడ మూడంటే ఇక్కడ అయిదున్నర. కుర్రాడు బడి నుంచి వచ్చి, కొబ్బరితోటలో ఆడుకుని, అరుగు మీద ట్యాబు నిలబెట్టుకుని అమ్మతో మాట్లాడతాడు. చీకటి పడ్డాక పలక బీరువాలోకి. ఈసారి తాళం వెయ్యనక్కర్లేకపోయింది. తలనొప్పి పూర్తిగా పోకపోతే కంటి డాక్టరుకి చూపించాం. కొద్దిగా దూరపు చూపు తగ్గిందని తేలి అద్దాలిచ్చారు. నెల తిరిగేసరికి ముసలమ్మ వచ్చి, "ఇప్పుడు తొమ్మిదింటికే ముసుగు తన్నేత్తన్నాడండి" అంది.

ఇంతకీ మీకు చెప్పొచ్చేదేమిటంటే, ఈ టాబ్లెట్‌కీ మోతాదుంది. ఆ మోతాదు గంటల్లోనే కాదు, ఏ వేళ, ఎలా పట్టుకుని, ఎందుకు అన్నదాంట్లో కూడా ఉంది. రెండేళ్ళ లోపు పిల్లలకి అన్నం తినిపించడానికి తెర చూపించకండి. ఆ పని చందమామ చేస్తాడు. రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట మించకూడదని, ఎంత తక్కువైతే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పెద్దవాళ్ళయినా, పిల్లలయినా ఇరవై నిమిషాలకోసారి తల ఎత్తి, ఇరవై అడుగుల అవతల ఉన్న కొబ్బరిచెట్టుని ఇరవై సెకన్లు చూడండి. రెప్పలు ఆర్పండి. పలకని మూరెడు దూరంలో, కళ్ళకి కాస్త దిగువగా నిలబెట్టండి. పడుకోబోయే ముందు గంటసేపు దాని మొహం చూడకండి. పిల్లల్ని పగటి వెలుతురులో ఆడనివ్వండి. చైనాలో గ్వాంగ్‌జౌ బడుల్లో ఒకటో తరగతి పిల్లల్ని రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచితే, మూడేళ్ళలో హ్రస్వదృష్టి వచ్చినవాళ్ళు నూటికి 39 నుంచి 30కి తగ్గారని 2015లో తేల్చారు. మన ఊళ్ళలో ఆరుబయటికి కరువు లేదు కదా!

ఇక పిల్లాడి చేతిలోంచి ట్యాబు లాక్కునే ముందు వాడి పక్కన కాసేపు కూర్చుని, అందులో ఏం చూస్తున్నాడో అడగండి. నేను చేసిన పొరపాటు మీరు చేయకండి.