ఇల్లు మారితే పింఛనూ మారాలి కదా!

ఉద్దానంలో కొబ్బరిచెట్ల నీడన సొంత ఇల్లుంది. దానికి తాళం వేసి, పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గ సందులో రెండు గదుల పోర్షనుకు అద్దెకు దిగుతారు. ఎందుకో ఆ పక్కవాళ్లకు నేను చెప్పక్కర్లేదు, దూరాన ఉన్న మీకు చెబుతాను. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకు చేసే డయాలసిస్ కోసమండీ. వారానికి రెండు మూడు సార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగ్గంటలు మిషను పక్కన మంచం మీద పడుకోవాలి. లేచేసరికి మనిషిలో సత్తువ ఉండదు. ఆ ఒంటితో వజ్రపుకొత్తూరు వైపు ఆటోలో కుదుపులు తింటూ ఇంటికి చేరడం ఎంత కష్టమో ఊహించుకోండి. సోంపేట, కవిటి, టెక్కలిలోనూ డయాలసిస్ ఉంది. అయినా 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు కాబట్టి, ఆ చుట్టుపక్కల ఇల్లు దొరికితే బాగుండునని అనుకోవడం సహజం.

అద్దె ఎక్కణ్ణించి వస్తుంది? డయాలసిస్ రోగికి నెలకు 10,000 రూపాయల పింఛను వస్తుంది. ఇంట్లో ముసలితల్లి ఉంటే, ఆమెకూ అర్హత ఉంటే, ఇంకో 4,000. చాలా ఇళ్లలో నికరంగా చేతికొచ్చేది ఇదే. ఆ డబ్బు ఒకటో తారీఖున సచివాలయం ఉద్యోగి గడప దగ్గరకు తెచ్చి, వేలిముద్ర వేయించుకుని చేతిలో పెడతారు. చిక్కల్లా ఆ గడప దగ్గరే. మనిషి పలాసలో ఉంటాడు, పేరు మాత్రం ఊళ్లో సచివాలయం జాబితాలో ఉంటుంది. “ఇల్లు మారిపోనాం గానీ పింఛను ఊర్లోనే ఉండిపోనాది బాబూ” అంటారు. ఒకటో తారీఖు డయాలసిస్ రోజున పడిందా, ఇక ఆ నెల ఇంటిల్లిపాదికీ హైరానా.

దీనికి దారి ఉందండీ. పింఛను బదిలీ చేయించుకోవచ్చు. పింఛను ఐడీ, ఆధార్, కొత్తగా చేరబోయే చోటి సచివాలయం పేరు తీసుకుని సంక్షేమ సహాయకుణ్ణి అడగాలి. రాసిచ్చిన కాగితానికి రసీదు పుచ్చుకోవాలి. సామాను బండెక్కించక ముందే ఈ పని చూసుకోండి. బదిలీ అయ్యేలోగా ఒక నెల తప్పిపోయినా గాబరా పడొద్దు. వరసగా రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో అంతా కలిపి ఇచ్చే ఏర్పాటు 2024 డిసెంబరు నుంచి ఉంది. బియ్యం సంగతి ఇంకా తేలిక. కార్డు ఏ ఊరిదైనా దగ్గర్లోని చౌకడిపోలో వేలిముద్ర వేసి తెచ్చుకోవచ్చు.

ఆ వేలిముద్ర గురించి ఒక్క మాట. పలాసలో అద్దె కట్టడానికి ఇంటి ఇల్లాలు జీడి పరిశ్రమలో పనికి కుదురుతుంది. జీడిపిక్క పెంకులో జిగురు నూనె ఉంటుంది, తగిలితే చర్మం కాలిపోతుంది. కొంతకాలానికి వేళ్ల చివర్లు నల్లబడి, గీతలు అరిగిపోతాయి. మిషను మీద బొటనవేలు పెడితే పట్టదు, తుడిచి మళ్లీ పెట్టినా పట్టదు. అప్పుడు వెనక్కి వచ్చేయకండి. కంటిపాపతోనో, ముఖంతోనో చూడమని గట్టిగా అడగండి. కష్టం చేసి అరిగిన వేలు ఆమె తప్పు కాదు.

ఇక కరెంటు మీటరు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. ఇంటి వాడకం నెలకు సగటున 300 యూనిట్లు దాటితే పింఛనుకు అనర్హత అని నిబంధన. మూడు పోర్షన్లకు ఒకటే మీటరు ఉన్న ఇళ్లు ఎన్నో! పైఅంతస్తు ఏసీ, మోటారు, అన్నీ కలిపి బిల్లొస్తుంది. ఆ మీటరు కింది పోర్షనులో అద్దెకున్న రోగి ఆధార్‌కు ముడిపడితే, ఒక ఫ్యాను, ఒక బల్బు వాడే మనిషి రికార్డుల్లో కలిగినవాడైపోతాడు. అద్దె మాట్లాడేటప్పుడే మీటరు ఎవరి పేరున ఉందో, విడి మీటరు ఉందో లేదో కనుక్కోండి. తప్పుగా ముడిపడి ఉంటే విద్యుత్ శాఖ ఆఫీసులో ఆ లంకె తీయించుకోవాలి. రోగిని ఆఫీసుల చుట్టూ తిప్పకుండా అధికారులే ముందుగా సరిచూడాలని నా గట్టి అభిప్రాయం.

ఇంటివాళ్లతోనూ మాట్లాడాలి నేను. ఇంగ్లండులో సర్కారు సాయంతో బతికేవాళ్లకు ఇల్లివ్వం అని ప్రకటనల్లోనే రాసేవారు. 2020 జులైలో యార్క్ కోర్టు అది చట్టవిరుద్ధమని తేల్చింది. మన దగ్గర అలా రాయరు. రోగి ఉన్నాడని తెలిశాక “మా బంధువులొస్తున్నారండీ” అంటారు, అంతే. కొందరు ఇల్లిస్తారు గానీ అద్దె కాగితం ఇవ్వరు, రేపు ఇల్లు నాదే అంటాడేమోనని భయం. 11 నెలల ఒప్పందం రాసిస్తే ఇల్లెక్కడికీ పోదు. ఉద్దానం కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ తేలలేదన్నది నిజమే. కానీ అది పక్కింటివాళ్లకు అంటుకునే జబ్బు కాదు.

కాశీబుగ్గలో, టెక్కలిలో, సోంపేటలో ఖాళీ పోర్షను ఉన్న అయ్యలారా, అమ్మలారా! ఈసారి డయాలసిస్ మనిషి గుమ్మం ముందు నిలబడి అడిగితే ఇల్లివ్వండి. దాంతోపాటు అద్దె కాగితం మీద సంతకం పెట్టి, కరెంటు బిల్లు నకలు ఒకటి చేతికివ్వండి.